వాక్సహాచీ కోర్టు, దాని రాతి మొహాలు

అమెరికాలోని టెక్సాస్‌లో, డాలస్ నుంచి దక్షిణంగా 30 మైళ్లు వెళ్తే వాక్సహాచీ. ఎల్లిస్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) ముఖ్యపట్టణం. మావాళ్లంతా ఆస్టిన్ వెళ్తూ హైవే మీద దాటిపోయే ఊరే. నేనూ ఎనిమిదేళ్లు అలాగే దాటిపోయాను.

ఊరి నడిబొడ్డున కోర్టు. 1897లో పూర్తయింది. కింద బూడిద, గులాబీ రంగుల గ్రానైట్, మధ్యమధ్య ఎర్ర ఇసుకరాయి, పైన మన విజయనగరం గంటస్తంభాన్ని తలపించే గడియారపు బురుజు. దీని నమూనా గీసినవాడు జేమ్స్ రైలీ గోర్డన్. ఈయన టెక్సాస్‌లో ఇలాంటి కోర్టులు చాలా కట్టాడు. డెకేటర్ అనే ఊళ్లో 1896 నాటి కోర్టు చూస్తే దీనికి అన్నదమ్ముడే అనిపిస్తుంది. ద్వారాలు గోడ మధ్యలో కాకుండా మూలల్లో ఉంటాయి, ప్రతి మూలా ఒక నీడపట్టు అరుగు. ఏసీలు లేని రోజుల్లో టెక్సాస్ ఎండ తెలిసినవాడి ఆలోచన. జూలైలో ఆ అరుగు మీద పది నిమిషాలు కూర్చుంటే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అసలు చూడాల్సింది ఆ అరుగుల స్తంభాల పైభాగం. ఇసుకరాయిలో చెక్కిన మొహాలు. ఒకటి అందమైన ఆడపిల్ల, ఇంకొకటి పళ్లికిలించిన దిష్టిబొమ్మ. హారీ హెర్లీ అనే శిల్పి మేబెల్ అనే అమ్మాయిని ప్రేమించాడని, ఆమె కాదన్నకొద్దీ మొహాలు వికారంగా చెక్కుతూ పోయాడని ఊరంతా చెప్పుకుంటారు. చరిత్ర తెలిసినవాళ్లు దీన్ని కట్టుకథగానే చూస్తారు. మా అమ్మాయి మాత్రం కథనే నమ్మి, ఏది ముందు చెక్కాడో, ఏది తర్వాతో వరసపెట్టే పనిలో పడింది. మెడలు పట్టేశాయి.

మేం చేసిన తప్పు శనివారం వెళ్లడం. ఆఫీసులకు సెలవు, తలుపులు మూసేశారు. బాగుచేసి మళ్లీ తెరిచిన లోపలి భాగం చూడాలంటే పనిరోజునే వెళ్లండి.

రాత్రి బస ఒక పాతకాలపు చెక్క ఇంట్లో. వరండా బ్రహ్మాండం, మెట్ల కిర్రుకిర్రూ బాగుంది. రెండో స్నానానికే వేడినీళ్లు అయిపోయాయి. చెబితే "పాత ఇల్లు కదా" అని నవ్వారు, బిల్లులో మాత్రం పైసా తగ్గలేదు. డాలస్‌లో ఉండేవాళ్లకు బస అనవసరం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి. మేం కోర్టు పచ్చికలో చెట్టు కింద కూర్చుని తిన్నాం, పార్కింగ్‌కి కూడా ఎవరూ డబ్బులడగలేదు.