యూనో బోర్డుతో కచ్చితమైన బ్లింక్: కొన్నేళ్లు వాడాక నా మాట

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో డ్రిప్ మోటర్లకు టైమర్లు కట్టి ఇస్తుంటా. వాటి మీద సెకనుకోసారి వెలిగే ఎల్‌ఈడీ ఉంటుంది, ఆ లెక్కతోనే నీళ్లు ఆగుతాయి, కాబట్టి బ్లింక్ నాకు షోకు కోసం కాదు. కొన్నేళ్లుగా ఆర్డుయినో యూనో ఆర్3 (మనం ప్రోగ్రాం రాసి ఎక్కించే చిన్న కంట్రోల్ బోర్డు) మీదే చేస్తున్నా.

ఇందులో ప్రోగ్రాం నడిపే ఏటీమెగా 328పీ చిప్‌ను లెక్క దగ్గర తప్పుపట్టలేం. క్లాక్ 16 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో సైకిల్ (క్లాక్ టిక్కు) 62.5 నానోసెకన్లు. ఏ ఇన్‌స్ట్రక్షన్‌కు ఎన్ని సైకిళ్లో డేటాషీట్‌లోనే ఉంది, ఇంటరప్ట్‌లు (ప్రోగ్రాంను మధ్యలో ఆపి వేరే పని చేయించేవి) ఆపేస్తే ఒక్కటి కూడా అటూఇటూ కాదు. 13వ పిన్ను తిప్పడానికి (ఆన్ ఉంటే ఆఫ్, ఆఫ్ ఉంటే ఆన్) పిన్‌బీ రిజిస్టర్ మీద ఎస్‌బీఐ అనే ఇన్‌స్ట్రక్షన్ (బ్యాంకు కాదు) 2 సైకిళ్లు, మళ్లీ మొదటికి దూకడానికి ఆర్‌జంప్ 2, అంటే ఆన్‌కు 4, ఆఫ్‌కు 4, దాంతో సరిగ్గా 2 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. పిన్ను మార్చడానికి అందరూ వాడే ఆర్డుయినో ఫంక్షన్ డిజిటల్‌రైట్ అయితే ఒక్కసారికే కొన్ని మైక్రోసెకన్లు తినేస్తుంది.

సెకను బ్లింక్‌కు మాత్రం నాప్‌లు (ఏ పనీ చేయకుండా ఒక సైకిల్ గడిపే ఇన్‌స్ట్రక్షన్లు) పేర్చుకుంటూ కూర్చోవడం దండగ. చిప్‌లోని టైమర్1ని సీటీసీ మోడ్‌లో (చెప్పిన అంకె చేరగానే మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టేలా) పెట్టి, క్లాక్‌ను భాగించే ప్రీస్కేలర్ 256, ఆ అంకె ఉండే ఓసీఆర్1ఏ రిజిస్టర్‌లో 31249 వేసి, పిన్ను తిప్పమని సెట్ చేస్తే అర సెకనుకోసారి 9వ పిన్ను హార్డ్‌వేరే తిప్పుకుంటుంది. డిలేతో (కాసేపు ఆగమనే ఫంక్షన్) రాసిన ప్రోగ్రాంలో మధ్యలో డీహెచ్‌టీ11 అనే వేడి, తేమ సెన్సర్ చదివితే 20 మిల్లీసెకన్లకు పైగా పోతాయి, బ్లింక్ అంత సాగుతుంది. టైమర్‌కు ఆ గొడవే పట్టదు.

అసలు కిరికిరి క్లాక్‌తోనే. బోర్డు మీద మెరిసే ఆ క్రిస్టల్ యూఎస్‌బీ చిప్‌ది, మన చిప్‌కు దక్కింది అంత కచ్చితం కాని సిరామిక్ రెజొనేటర్. అది 0.1 శాతం తప్పినా రోజుకు 86 సెకన్లు పోయినట్టే. ఎండాకాలం రేకుల షెడ్డులో ఉన్న బోర్డులు ఫోన్ టైంతో పోలిస్తే రోజుకో నిమిషం దాటి తేడా చూపించాయి, చలికాలంలో అదే బోర్డు ఇంకో లెక్క. డిజిటల్‌రైట్ వల్ల సెకనుకు 10 మైక్రోసెకన్లు పోయినా రోజుకు ఒక్క సెకను కూడా కాదు, అయినా అందరూ దాని మీదే కొట్టుకుంటారు! ఇక ఖర్చు తగ్గుతుందని వట్టి చిప్‌ను లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌తో నడుపుదామనుకుంటే, ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్‌తో 10 శాతం వరకు తేడా ఉండొచ్చని డేటాషీటే చెబుతోంది.

ఇప్పుడు డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ కలుపుతున్నా. 0 నుంచి 40 డిగ్రీల దాకా పది లక్షలకు 2 వంతులే తేడా, అంటే ఏడాదికి ఓ నిమిషం. కంట్రోల్ రిజిస్టర్‌లో సున్నా రాస్తే దాని ఎస్‌క్యూడబ్ల్యూ పిన్ మీద 1 హెర్ట్జ్ (సెకనుకోసారి) సిగ్నల్ వస్తుంది, పుల్‌అప్ (పిన్నును సప్లైకి లాగి ఉంచే రెసిస్టర్) మర్చిపోవద్దు. చార్జింగ్ సర్క్యూట్ ఉన్న మాడ్యూల్‌లో సీఆర్2032 బ్యాటరీ వేస్తే మాత్రం ఆ చార్జింగ్ రెసిస్టర్ ముందే తీసేయండి, ఆ బ్యాటరీని చార్జ్ చేయకూడదు. యూనో అయితే మళ్లీ కొంటా, కానీ టైం దాన్ని అడగను.