పవర్ గ్రాఫ్ పడిపోగానే ప్రమాదం అయిపోయినట్టేనా? ఒక సిమ్యులేషన్ కోర్సు మీద నా రివ్యూ

మోల్టెన్ సాల్ట్ రియాక్టర్లలో (కరిగిన ఉప్పుతో నడిచే అణు రియాక్టర్లు) కూలింగ్ పోతే ఏమవుతుందో మన చేతే కంప్యూటర్లో చేయించే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఈమధ్యే పూర్తి చేశాను. పేరు చెప్పను, కానీ ఇలాంటి వాటిలో చేరాలనుకునేవాళ్లు ఇది చదివి చేరితే మంచిది.

ముందు బాగున్నది చెప్తా. నమూనాగా తీసుకున్నది అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 1965 నుంచి 1969 దాకా నడిచిన ఎంఎస్ఆర్ఈ అనే ప్రయోగాత్మక మోల్టెన్ సాల్ట్ రియాక్టర్. సుమారు 8 మెగావాట్ల చిన్న రియాక్టరే, కానీ నిజంగా నడిచింది, కొలతలున్నాయి, మన లెక్క తప్పితే వెంటనే తెలిసిపోతుంది. ఇందులో ఇంధనం ఉప్పులో కరిగి పైపుల్లో తిరుగుతుంది కాబట్టి, ఆలస్యంగా న్యూట్రాన్లు వదిలే ప్రికర్సర్లలో (ఫిషన్‌లో పుట్టే కొన్ని అస్థిర పరమాణువులు) కొన్ని కోర్ (చైన్ రియాక్షన్ జరిగే భాగం) బయటికి పోయి ఆ న్యూట్రాన్లను అక్కడే వదిలేస్తాయి. దానివల్ల ఎంఎస్ఆర్ఈలో పోయిన రియాక్టివిటీ (చైన్ రియాక్షన్ పెరుగుతుందా తగ్గుతుందా చెప్పే కొలత) దాదాపు 210 పీసీఎం, అంటే లక్షలో 210 వంతులు. పంపు ఆగితే ప్రికర్సర్లు కోర్‌లోనే ఉండిపోతాయి, ఆ రియాక్టివిటీ తిరిగొస్తుంది. నేను మొదట ప్రికర్సర్లను ప్రవాహంతో కలపకుండానే రన్ చేశాను, ఆ పెరుగుదల ఎక్కడా కనిపించలేదు, రెండు రోజులు వెతికాక గానీ తప్పు దొరకలేదు. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నంత ఏ పాఠంలోనూ నేర్చుకోలేదు. దీనికి పూర్తి మార్కులు.

నా కోపమంతా మూడో వారం మీదే. హీట్ ఎక్స్‌చేంజర్ అవతల వేడి తీసుకెళ్లేది ఏదీ లేదు, చైన్ రియాక్షన్‌ని ఆపే కంట్రోల్ రాడ్లు కూడా దిగలేదు, అదీ కేసు. ఉప్పు వేడిగానే కోర్‌లోకి తిరిగొస్తుంది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ రియాక్టివిటీ తగ్గుతుంది, పవర్ దానంతటదే పడిపోతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. సరిగ్గా అక్కడ, పది నిమిషాల దగ్గర, సిమ్యులేషన్ ఆపేసి 'సురక్షితం' అని రాసేశారు! డీకే హీట్ (చైన్ రియాక్షన్ ఆగినా రేడియోధార్మిక పదార్థాల నుంచి వస్తూనే ఉండే వేడి) మాటేమిటి? చైన్ రియాక్షన్ ఆగిన క్షణంలో అది పూర్తి పవర్‌లో 6 శాతానికి పైనే, అంటే ఈ చిన్న రియాక్టర్‌లో కూడా దాదాపు 500 కిలోవాట్లు. గంట తర్వాత కూడా ఒక శాతానికి పైనే ఉంటుంది. ఉప్పు మరగాలంటే 1400 డిగ్రీలు కావాలి నిజమే, కానీ పాత్ర హాస్టెల్లాయ్-ఎన్ అనే నికెల్ మిశ్రలోహం, దాని డిజైన్ పరిమితి 700 డిగ్రీల దగ్గర, మామూలుగా నడిచేదే 650 చుట్టూ. చూడాల్సింది ఉప్పును కాదు, పాత్ర గోడను.

ప్రమాదంలో ఉప్పును డ్రైన్ ట్యాంక్‌లోకి దించే ఫ్రీజ్ వాల్వ్‌ని కూడా స్విచ్ వేసినట్టు తక్షణం తెరిచేశారు. అది గాలితో చల్లబరిచి గడ్డకట్టించిన ఉప్పు బిరడా, గాలి ఆగాక కరగడానికి సమయం పడుతుంది. డ్రైన్ ట్యాంక్‌కి స్థిరమైన ఉష్ణోగ్రత ఇచ్చేశారు, అంటే రావాల్సిన జవాబు ముందే పెట్టేసుకున్నట్టు. రెండుసార్లు అడిగితే 'అది అడ్వాన్స్‌డ్ లెవెల్' అన్నారు. ప్రమాదం గురించి చెప్పే కోర్సులో ప్రమాదం అడ్వాన్స్‌డ్ లెవెల్ ఎలా అవుతుంది?

చివరికి వాళ్ల ఫైల్‌లోనే డీకే హీట్ కలిపి, ఎండ్ టైమ్ 24 గంటలకు పెంచి నేనే నడిపాను. పవర్ గీత నేలకు అతుక్కుని ఉంది, గోడ ఉష్ణోగ్రత మాత్రం ఎక్కుతూనే పోయింది.

5కి 3 స్టార్లు. ప్రికర్సర్ల భాగం కోసం తప్పకుండా చేరండి. మూడో వారం ఫైల్ తెరిచాక మాత్రం ముందు ఆ ఎండ్ టైమ్ మార్చండి.