ముక్కులో కండ పెరిగితే ఏ ఆపరేషన్ మేలు?

మా తమ్ముడు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కాంటాల దగ్గర పనిచేస్తాడు. సీజన్ వచ్చిందంటే యార్డు నిండా బస్తాలు, గాలి నిండా ఘాటు. కొన్నేళ్లుగా రాత్రి నోరు తెరుచుకునే పడుకుంటున్నాడు. తెల్లవారేసరికి పెదవులు పగిలి, నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. తలగడ కింద ముక్కు చుక్కల సీసా లేనిదే నిద్ర పట్టదు.

ఒక ఆసుపత్రిలో "కండ పెరిగింది, మొత్తం తీసేద్దాం" అన్నారు. ఇంకోచోట లేజర్ అన్నారు. మూడోచోట రేడియో ఫ్రీక్వెన్సీ అన్నారు. "అక్కా, ఏది మేలు?" అంటూ వాడు కాగితాలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస.

మనం కండ అంటున్నది కొత్తగా పుట్టుకొచ్చినది కాదు. ముక్కు లోపలి పక్క గోడలకు రెండు వైపులా మూడేసి మడతలు అందరికీ ఉంటాయి, వాటినే టర్బినేట్లు అంటారు. (పాలిప్స్‌ను కూడా కండ అనే అంటాం. అది వేరే జబ్బు, దాని వైద్యమూ వేరు.) టర్బినేట్ లోపల ఎముక, దాని చుట్టూ రక్తనాళాలు నిండిన మెత్తటి కణజాలం, పైన తడి పొర ఉంటాయి. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తడిపి, దుమ్మును పట్టి ఆపేది ఆ పొరే. కొన్ని గంటలకొకసారి ఒక వైపు ఉబ్బి, మరో వైపు తగ్గడం సహజమే. ఎలర్జీ వల్ల, దుమ్ము వల్ల అడుగు టర్బినేట్లు రెండూ ఉబ్బి అలాగే ఉండిపోతే అప్పుడు ఊపిరి ఆడదు.

మొత్తం తీసేయడం మీద నా మాట ఒక్కటే: వద్దు. దారి విశాలమవుతుంది, నిజమే. కానీ తడిపే పొర కూడా పోతుంది. లోపల ఎండిపోయి చెక్కులు కట్టవచ్చు. దారి బార్లా తెరిచి ఉన్నా ఊపిరి అందడం లేదని కొందరు అల్లాడిపోతారు. 1994లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు దీనికి ఖాళీ ముక్కు జబ్బు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అది అందరికీ రాదు. వచ్చినవాళ్లకు మాత్రం కోసేసినది తిరిగి అతికించే దారి లేదు. లేజర్‌తో సాధారణంగా పైపొరనే కాలుస్తారు కాబట్టి దాని మీదా నాకు మనసు పోలేదు.

ఇక తేల్చుకోవలసింది పొరను కాపాడే రెండు పద్ధతుల మధ్యే. రేడియో ఫ్రీక్వెన్సీలో సన్నని సూదిలాంటి పరికరాన్ని లోపలికి దించి వేడి ఇస్తారు. మత్తు ఆ చోటికి ఇస్తే చాలు, అదే రోజు ఇంటికి పోవచ్చు. కణజాలం కొన్ని వారాల్లో కుదించుకుంటుంది. కొందరికి మళ్లీ ఉబ్బితే ఇంకోసారి చేయించుకోవాలి. టర్బినోప్లాస్టీలో చిన్న గాటు పెట్టి, పొర కింద ఉన్న కణజాలాన్ని, అవసరమైతే ఎముకను తగ్గిస్తారు. దీనికి సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. రక్తం పోవడం, ఖర్చు ఎక్కువ. కానీ ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇటలీలో 382 మందికి రకరకాల పద్ధతుల్లో చేసి ఆరేళ్లు గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ, పొర కింద తగ్గించి టర్బినేట్‌ను పక్కకు జరిపే పద్ధతే ముందు నిలిచింది.

అయితే నిలిచేది కదా అని అందరికీ అదే చేయించనక్కర్లేదు. మా వాడికి దారి చూపింది ఒక చిన్న పరీక్ష. చుక్కల మందులో తడిపిన దూదిని ముక్కులో పెట్టి, పది నిమిషాల తర్వాత డాక్టరు మళ్లీ కెమెరాతో చూపించారు. అంతకుముందు దూలానికి, అంటే ముక్కు మధ్య గోడకు, ఒరుసుకుంటూ ఎర్రగా ఉబ్బి ఉన్నది వడలిపోయి, వెనక గొంతు దాకా దారి కనిపించింది. అంటే ఉబ్బింది మెత్తటి భాగమే, ఎముక కాదు. అలాంటివాళ్లకు రేడియో ఫ్రీక్వెన్సీ సరిపోతుంది. మందుకు తగ్గకపోతే ఎముకే పెద్దదని అనుమానించాలి, అప్పుడు టర్బినోప్లాస్టీ మేలు. దూలం వంకర ఉంటే దాన్నీ సరిచేయాలి.

ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు చుక్కలు మాన్పించి స్టెరాయిడ్ స్ప్రే వాడించారు. ఆ చుక్కలు కొద్ది రోజులకు మించి వాడితే అవే ముక్కును మరింత దిబ్బడ వేయిస్తాయి. స్ప్రే మొనను దూలం వైపు కాకుండా చెవి వైపు తిప్పి కొట్టాలని కూడా అప్పుడే తెలిసింది. చాలామందికి ఈ దశలోనే తగ్గిపోతుందట. వాడికి సగమే తగ్గింది.

రేడియో ఫ్రీక్వెన్సీ చేయించిన నాలుగో రోజున ఫోన్ చేసి, "అక్కా, మునుపటికన్నా ఎక్కువ పట్టేసింది" అని బెంగపడ్డాడు. మొదటి వారం వాపు వల్ల అలాగే ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు. ఆరో వారంలో మరదలు ఫోన్ చేసింది. రాత్రి నోరు మూసుకుని పడుకున్నాడని, గురక లేకపోయేసరికి భయమేసి లేచి చూశానని చెప్పింది. యార్డులో తుమ్ములు మాత్రం పోలేదు. మాస్కు, స్ప్రే కొనసాగుతున్నాయి.