ఎత్తు పెంచిన జీపు కొంటున్నారా? ముందు కిందికి దూరి చూడండి

అనంతపురం చుట్టుపక్కల పాత మహీంద్రా జీపు కోసం తిరుగుతున్న అన్నలు ఎవరైనా ఉంటే ఇది చదివి పోండి. నా డబ్బులు ఎట్లాగూ పోయాయి.

చీనీ తోటకి తిరగడానికని టూ వీల్ డ్రైవ్ జీపు ఒకటి ఊర్లోనే ఒక సెకండ్ హ్యాండ్ కన్సల్టెన్సీలో తీసుకున్నా. వెనక భాగం పైకి లేచి, చూడ్డానికి కొమ్ములు విసిరే కోడెలా ఉండేది. 'పొడుగు షేకిళ్లు వేయించినాం అన్నా, నువ్వు పోతుంటే అందరూ తిరిగి చూస్తారు' అన్నాడు కన్సల్టెన్సీ వాడు. షేకిల్ అంటే కమాన్ కట్ట (పలకల స్ప్రింగు) కొసని ఛాసిస్‌కి తగిలించే ఇనుప పట్టీ. అబద్ధమెందుకు, నేనూ దానికే పడిపోయా. ట్రయల్ మాత్రం సందుల్లోనే ఇప్పించాడు, 40 దాటనివ్వలేదు, ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

మరుసటి రోజు గుత్తి వైపు హైవే ఎక్కి 55 దాటగానే కింద నుంచి గుయ్‌మని వణుకు మొదలైంది. స్టీరింగ్ బాగానే ఉంది, అదిరేదంతా సీటు కింద, ఫ్లోర్‌లో. యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువ, వదిలితే తక్కువ. ఫోన్ చేస్తే టైర్లు బ్యాలెన్సింగ్ చేయించుకో అన్నాడు, చేయించా, అదే వణుకు. తర్వాత షాఫ్ట్ క్రాస్‌లు (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి పోయే గొట్టానికి రెండు కొసల్లో వంగుతూ తిరిగే కీళ్లు) పోయుంటాయి అన్నాడు, వాళ్లు చెప్పిన మెకానిక్ దగ్గరే రెండూ కొత్తవి వేయించా. నెలన్నరకే ముందు క్రాస్ కప్పుల్లోంచి ఎర్రగా తుప్పు పొడి రాలడం మొదలైంది, కొత్త క్రాస్ అట్లా ఎందుకు పోతుందో అడిగితే 'లోకల్ మాల్ అన్నా' అని చేతులు దులుపుకున్నాడు.

చివరికి గుత్తిలో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి పోయా, అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన స్పానర్ కూడా పట్టుకోలేదు. బండిని సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టించి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండగా కిందికి దూరి, అయస్కాంతంతో అతుక్కునే కోణం మీటర్ పెట్టి మూడు చోట్ల చూశాడు. గేర్‌బాక్స్ వెనక వచ్చే షాఫ్ట్ వాలు 3 డిగ్రీలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఆ గొట్టమే) వాలు 10, హౌసింగ్‌లో (వెనక ఇరుసు పెట్టె) పినియన్, అంటే షాఫ్ట్ తిప్పే పళ్ల చక్రం, వాలు 8. మూడూ వెనక్కి దిగే వాలే. అంటే ముందు క్రాస్ 7 డిగ్రీలు వంగి తిరుగుతోంది, వెనకది 2 డిగ్రీలే. జాకీ వేసి ఛాసిస్ ఎత్తి కొలిచేవాణ్ణి నమ్మొద్దన్నాడు భాయ్, కమాన్ కట్టలు వేలాడితే అన్ని కోణాలూ మారిపోతాయంట.

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. వంగి తిరిగే క్రాస్ ఒకే వేగంతో తిప్పదు, ఒక చుట్టులో రెండు సార్లు వేగం పెంచి రెండు సార్లు తగ్గిస్తుంది. రెండో క్రాస్ అంతే కోణంలో ఎదురు వంగి ఉంటే ఆ తేడాని సరిగ్గా కొట్టేస్తుంది, కాబట్టి గేర్‌బాక్స్ షాఫ్టూ పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెండు క్రాస్‌ల కోణాల మధ్య తేడా 1 డిగ్రీ లోపల, ఒక్కో కోణం వీలైతే 3 లోపల ఉంటే మంచిది. అలాగని సున్నా కూడా పనికిరాదు, కనీసం అర డిగ్రీ అయినా వంగకపోతే లోపలి సూది బేరింగులు కదలక ఒకే చోట అరుగుతాయి. పొడుగు షేకిల్ వేస్తే కట్ట వెనక కొస కిందికి దిగి హౌసింగే తిరిగిపోతుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. పైగా ఈ జీపు షాఫ్ట్ పొట్టిది. రెండున్నర అడుగుల షాఫ్ట్‌కి 2 అంగుళాల ఎత్తు తేడా వస్తే దగ్గర దగ్గర 4 డిగ్రీలు మారుతుంది, పొడుగు షాఫ్ట్ ఉన్న బండిలో అంత కాదు.

ఇంకో దరిద్రం కూడా బయటపడింది. క్రాస్‌లు మార్చినవాడు షాఫ్ట్ విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోలేదు, షాఫ్ట్‌లో పొడుగు సర్దుకోడానికి ముందుకీ వెనక్కీ జారే ముక్కని ఒక పల్లు పక్కకి ఎక్కించేశాడు. షాఫ్ట్‌కి రెండు కొసల్లోని యోకులూ (క్రాస్‌ని పట్టుకునే చీలిక కొసలు) ఒకే వరసలో ఉండాలి, నాదాంట్లో కంటికే వంకర కనిపిస్తోంది. మీరు ఎక్కడ విప్పించినా దగ్గరుండి పెయింట్ గీత పెట్టించండి.

భాయ్ కంపెనీ కొలత షేకిళ్లు వెనక్కి పెట్టి, కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఒక పక్క మందంగా ఒక పక్క పల్చగా ఉండే ఇనుప పలక వేసి పినియన్ ముక్కు కొంచెం దించాడు. ఇప్పుడు ముందు రెండున్నర, వెనక 3. వెనక అర డిగ్రీ ఎక్కువ కావాలనే ఉంచాడు, కట్టల బండిలో యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు ఎలాగూ కాస్త లేస్తుంది కదా. వణుకు పోయింది. అన్నీ కలిపి నాకు 18 వేలు వదిలింది, కన్సల్టెన్సీ వాడేమో కొనేటప్పుడే చూసుకోవాలి కదా అన్నాడు.

కాబట్టి ట్రయల్ హైవే మీద ఇవ్వనన్నాడంటే అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. షేకిళ్లు కొత్తగా మెరుస్తున్నాయా, క్రాస్‌ల దగ్గర ఎర్ర పొడి ఉందా, ఈ రెండూ టార్చి ఉంటే చాలు, కనిపిస్తాయి. మొన్న అటువైపు పోతే అదే కన్సల్టెన్సీ షెడ్డు ముందు ఇంకో జీపు నిలబెట్టున్నారు, వెనక్కాలు లేపుకుని.