వెబ్‌సైటు చేయించుకునే షాపుల వాళ్లూ జాగ్రత్త: నడుస్తున్న నా షాపుని మ్యాప్‌లో మూసేశాడు

గుంటూరులో చిన్న షాపులు నడుపుకునే వాళ్లందరూ ఒక్క ఐదు నిమిషాలు పెట్టి ఇది చదవండి. "వెబ్‌సైటు చేసిస్తాం, గూగుల్ మ్యాప్‌లో పెట్టిస్తాం" అని షాపు షాపుకీ తిరుగుతున్న అతని గురించి రాస్తున్నాను. పేరు రాయడం లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఎవరో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. "అక్కా, అక్కా" అంటూ ల్యాప్‌టాప్ బ్యాగుతో వస్తాడు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చేసి ఉంటే మీ షాపు ఎవరి జీమెయిల్ కింద ఉందో ఈ రాత్రికే చూసుకోండి.

నాది బ్రాడీపేట నాలుగో లైన్లో మగ్గం వర్క్ షాపు. పదకొండేళ్లుగా నడుపుతున్నాను. మార్చిలో ఇతనితో 28,000కి మాట్లాడుకున్నాం, ముందు 15,000, పనయ్యాక మిగతాది. బిల్లులో "మ్యాప్ ఇంటిగ్రేషన్ 4,500" అని ఒక లైను ఉంది. అదేంటని అడగలేదు, ఏదో పెద్ద పనే అయ్యుంటుందనుకున్నాను. ఏప్రిల్లో సైటు చూపించాడు. నేను చేసిన జాకెట్లు స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే సంతోషం పట్టలేక మిగతా 13,000 అక్కడికక్కడే పంపేశాను. కనీసం ఆ మ్యాప్ నొక్కి కూడా చూడలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

పోయిన నెలలో సత్తెనపల్లి నుంచి ఒకావిడ వచ్చారు. కూతురి పెళ్లికి ఐదు జాకెట్లు, అన్నీ హెవీ వర్కే. మ్యాప్ పెట్టుకుని ఆటోలో వస్తూ ఒకచోట దిగి ఫోన్ చేశారు. "ఏమ్మా, నాలుగో లైనుకే వచ్చాను, ఇక్కడ మందుల షాపుంది, నువ్వెక్కడ?" అన్నారు. చుట్టుపక్కల ఏముందో అడిగితే అప్పుడు తెలిసింది, ఆవిడ నిలబడింది అరండల్‌పేట నాలుగో లైన్లో. మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు, రెండు పేటల్లోనూ నాలుగో లైను ఉంది. అటునుంచి ఇటు రావాలంటే ఆటో మళ్లీ తిప్పుకుని రావాలి. ఎండలో, ఐదు పట్టుచీరల సంచితో ఆవిడ. ఆటో అతను ఇంకో నూట యాభై అడిగాడట. "ఇంకోసారి వస్తాలేమ్మా" అని అటునుంచి అటే వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. నా దగ్గర మగ్గం మీద కూర్చునే నలుగురికి అది పది రోజుల పని.

ఆ సాయంత్రమే వెబ్‌సైటు చేసిన అతనికి మెసేజ్ పెట్టాను. "సరిచేశాను అక్కా" అని రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. సైటు తెరిచి చూస్తే మ్యాప్ నిండా నీలం రంగే. దాని మీద నల్లటి తెర కప్పినట్టుంది, అడ్డంగా "ఫర్ డెవలప్‌మెంట్ పర్పసెస్ ఓన్లీ" అని అక్షరాలు. నాకేమీ అర్థం కాలేదు. మా అక్క కూతురు బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది, దాన్ని పిలిచాను. అది లోపలి కోడ్ చూసి చెప్పింది. గుంటూరు అక్షాంశం 16.30, రేఖాంశం 80.44. అతను రెండూ తారుమారు చేసి పెట్టాడు. 80 ఉత్తరం, 16 తూర్పు అంటే నార్వే వాళ్ల స్వాల్బార్డ్ దీవులకి పైన ఆర్కిటిక్ సముద్రం. మంచు సముద్రంలో పెట్టాడు నా షాపుని. పెట్టాక ఒక్కసారి తెరిచి చూసినా తెలిసేది కదా.

ఆ నల్ల తెర సంగతి కూడా అదే చెప్పింది. అతను వాడిన పద్ధతిలో మ్యాప్ పెట్టాలంటే 2018 నుంచి గూగుల్ దగ్గర బిల్లింగ్ అకౌంట్ తెరిచి తీరాలి. అది లేకపోతే ఇలా నల్లగా వస్తుంది. అసలు మాలాంటి షాపుకి ఆ పద్ధతే అక్కర్లేదట. కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి మన షాపు మీద నొక్కి, షేర్‌లోకి వెళ్లి "ఎంబెడ్ ఎ మ్యాప్" అంటే ఒక ముక్క కోడ్ వస్తుంది. దాన్ని కాపీ చేసి సైటులో అతికించడమే, పైసా కట్టక్కర్లేదు. నా ముందే చేసి చూపించింది, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. దానికి నేనిచ్చింది 4,500.

సైటులో కనిపించే మ్యాప్ వేరు, గూగుల్‌లో మన షాపు పేరు కొడితే వచ్చే పిన్ను వేరు. ఇదీ నాకు అప్పటిదాకా తెలియదు. సత్తెనపల్లి ఆవిడని తప్పుదారి పట్టించింది ఆ రెండోది. దాన్ని మార్చాలంటే బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో మన షాపు వివరాలుండే పేజీలోకి వెళ్లాలి, ఆ ప్రొఫైల్ అతని జీమెయిల్ కింద ఉంది. అందుకే మంగళవారం సాయంత్రం ఫోన్ చేశాను.

ఆ ఫోన్ గురించి రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

స్పీకర్లో పెట్టాను, పక్కన అక్క కూతురుంది. ఈసారి "అక్కా" లేదు. "చెప్పండి మేడమ్" అన్నాడు. విషయం చెప్పాను. "లొకేషన్ మార్చడమంటే అది కొత్త వర్క్ మేడమ్, 6,000 అవుతుంది. మ్యాప్ యాన్యువల్ రెన్యువల్ కూడా పెండింగ్ ఉంది, 2,400" అన్నాడు. మా పిల్ల వెంటనే కొలతల పుస్తకం లాక్కుని అందులో రాసి చూపించింది, "గూగుల్ ప్రొఫైల్ ఫ్రీ. రెన్యువల్ లేదు" అని. అదే మాట అతనితో అన్నాను. కాసేపు అటునుంచి శబ్దం లేదు. తర్వాత, "ఇవన్నీ టెక్నికల్ మేడమ్, మీకు అర్థం కావు. సార్‌కి ఇవ్వండి ఫోన్, నేను చెప్తాను" అన్నాడు.

సార్ ఎవరు? ఈ షాపు అద్దె కట్టేది నేను. నలుగురికి జీతాలిచ్చేది నేను. అతనికి 28,000 వెళ్లింది నా అకౌంట్ నుంచి. మార్చిలో వచ్చినప్పుడు ఏ సార్‌నీ అడగలేదు, నా బల్ల దగ్గరే కూర్చుని నేనిచ్చిన టీ తాగి అడ్వాన్స్ తీసుకుపోయాడు.

నేను గొంతు పెంచలేదు. "సార్‌తో పని లేదు, ఓనర్‌ని నేను. ఆ ప్రొఫైల్ నా జీమెయిల్‌కి మార్చెయ్యి" అన్నాను. అప్పుడు అన్నాడు, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు: "అందులో ఓనర్ నేను కదా మేడమ్. క్రియేట్ చేసింది నేనే కదా."

లోపల మగ్గం మీద నలుగురూ పని ఆపేశారు. గుడ్డలో ఆరీ సూది దిగుతుంటే టిక్కు టిక్కుమని ఒక చప్పుడు రోజంతా వస్తూనే ఉంటుంది, ఆ క్షణం అది లేదు. పదకొండేళ్లు ఈ కళ్లు పోగొట్టుకుని కట్టుకున్న షాపుకి తనే ఓనర్నని నా పనివాళ్లు వింటుండగా చెప్పాడు. నాకు నోట మాట రాలేదు, ఫోన్ పెట్టేశాను. అప్పుడే గట్టిగా అడగాల్సింది అని రాత్రంతా నిద్ర లేదు.

బుధవారం పొద్దున పదింటికి తెనాలి నుంచి పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. "షాపు ఎత్తేశావా? ఒక్క మాటైనా చెప్పలేదేంటి?" అన్నారు. నేను షాపులోనే కూర్చుని ఉన్నాను. ఎదురుగా ఒక పెళ్లికూతురి జాకెట్టు, చేతుల మీద నెమళ్లు సగం అయ్యాయి. మ్యాప్ తెరిచి చూస్తే నా షాపు పేరు కింద ఎర్ర అక్షరాలు: "శాశ్వతంగా మూసివేయబడింది". రాత్రికి రాత్రి చేశాడు. అదంతా శ్రావణ మాసం ముహూర్తాల సీజన్. కొత్తవాళ్లు ఎంతమంది ఆ ఎర్ర అక్షరాలు చూసి వేరే షాపుకి వెళ్లిపోయారో ఎప్పటికీ తెలియదు.

కొత్త ప్రొఫైల్ ఒకటి పెట్టేద్దామంటే మా పిల్ల వద్దంది. ఒకే షాపుకి రెండు ఉంటే డూప్లికేట్ అని గూగుల్ తీసేయొచ్చట. పైగా పాతదాంట్లో 63 రివ్యూలున్నాయి. జాకెట్టు వేసుకుని పెళ్లి పీటల మీద దిగిన ఫొటోలు పెట్టిన ఆడపిల్లలున్నారు అందులో. అవన్నీ అతనికి వదిలేయలేను.

అందుకని నిన్న రాత్రి నా సొంత జీమెయిల్ నుంచి ఆ ప్రొఫైల్‌కి "రిక్వెస్ట్ యాక్సెస్", అంటే అది నాకు అప్పగించమన్న అర్జీ, పెట్టించాను. ఇప్పుడున్న ఓనర్‌కి మూడు రోజుల టైము ఉంటుంది. జవాబివ్వకపోతే మనమే క్లెయిమ్ చేసుకునే దారి చూపించొచ్చు, కాదంటే అప్పీల్ చేయొచ్చు. తర్వాత షాపు మనదేనని చూపించే వీడియో గూగుల్ అడుగుతుందట: వీధి, షాపు బోర్డు, షట్టర్ తాళం మనమే తీయడం, అన్నీ మధ్యలో ఆపకుండా ఒకే ముక్కగా తీయాలి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాను. బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు, ఆ ఎర్ర అక్షరాల స్క్రీన్‌షాట్ జత చేశాను. డబ్బు వస్తుందో రాదో, ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను.

వెబ్‌సైటు పేరు కూడా అతని మీదే రిజిస్టర్ అయి ఉందని ఇదంతా వెతుకుతుంటేనే బయటపడింది. డొమైన్ అంటారు దాన్ని. కొనేటప్పుడు మీ పేరు, మీ మెయిల్, మీ కార్డుతో మీరే కొనండి. బిజినెస్ ప్రొఫైల్ మీ జీమెయిల్‌తో మీరే తెరవండి, చేసిపెట్టే వాళ్లని మేనేజర్‌గా మాత్రమే కలపండి. పని అయ్యాక తీసేయొచ్చు. మ్యాప్‌లో ఉండటానికి గూగుల్‌కి డబ్బు కట్టాలని ఎవరు ఫోన్ చేసినా నమ్మొద్దు.

డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు మీ ఫోన్‌తో కాకుండా వేరేవాళ్ల ఫోన్‌తో, వైఫై ఆపేసి, సైటు తెరిచి చూడండి. నా సైటు మొదటి పేజీలో పద్నాలుగు ఫొటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించాడు, ఒక్కోటీ 5 ఎంబీ పైనే. పల్లెటూళ్లలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్లలో అది తెరుచుకునేసరికి మనిషి విసిగిపోతారు. 200 కేబీకి తగ్గించినా ఫోన్లో పని బాగానే కనబడుతుంది, మా పిల్ల తగ్గించి చూపించింది. ఫోన్ నంబరు బొమ్మలో ఉంది, నొక్కితే కాల్ వెళ్లదు. అడ్రసు కూడా బొమ్మే. వాటిని అక్షరాల్లో టైపు చేయించుకోండి, పేట పేరు, లైను, అడ్డరోడ్డు, పక్కన ఏముందో అన్నీ రాయించండి. బ్రాడీపేటా అరండల్‌పేటా అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. పిన్ను దగ్గర "డైరెక్షన్స్" నొక్కి బస్టాండు నుంచి ఒకసారి బండి మీద మీరే వచ్చి చూసుకోండి.

సత్తెనపల్లి నుంచి ఐదు చీరలతో వచ్చి తిరిగి వెళ్లిన అమ్మగారు ఎవరికైనా తెలిస్తే దయచేసి ఇది చూపించండి. ఆవిడ ఆటో డబ్బులు నేనిస్తాను. పెళ్లి ఇంకా కాకపోతే ఆ ఐదు జాకెట్లూ ముహూర్తానికి అందించే పూచీ నాది.

మ్యాప్‌లో ఎర్ర అక్షరాలు ఈ రాత్రికీ అలాగే ఉన్నాయి. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు వాటిని పట్టించుకోకండి, ఫోన్ చేసి రండి. బ్రాడీపేట నాలుగో లైన్లో షాపు పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదింటిదాకా తెరిచే ఉంది.