ఇంటి నుంచి పోయొచ్చే కాలేజీనా, హైదరాబాద్ హాస్టలా, ఢిల్లీనా: బెరుకున్న పిల్లకు ఏది మేలు?

నిరుడు ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు ఒక రాత్రి పదకొండు దాటాక హన్మకొండలోని మా ఇంట్లో టేబుల్ మీద మూడు లిస్టులు తయారయ్యాయి. (పేరు ఈఏపీసెట్ అని మారినా మా నోట ఇంకా ఎంసెట్ అనే వస్తుంది.) ఒకటి మా ఆయన రాసింది, అన్నీ హన్మకొండ, వరంగల్ కాలేజీలే. రెండోది మా తమ్ముడు ఫోన్‌లో చెప్తుంటే నేను రాసింది, అన్నీ హైదరాబాద్‌వి. మూడోది మా బిడ్డ లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో ఉంది, మాకు చూపెట్టలేదు. ఓటీపీ నాన్న ఫోన్‌కు వస్తుంది కాబట్టి చివరికి నాన్న లిస్టే ఎక్కుతుందని ఆమె లెక్క. చాలాసేపు మా వాదన విని, లేచి పోతూ ఒక్క మాట అంది:

"ఏ కాలేజన్న పెట్టున్రి అమ్మా. యాడికి పోయినా నాతోని ఎవరు కూసుంటరో, గదే నా భయం."

నేను జూనియర్ కాలేజీలో పాఠం చెప్తాను. ఏటా ఎండాకాలం చివర్లో పిల్లలు, తల్లిదండ్రులు ర్యాంకు కార్డు పట్టుకొని నా దగ్గరికి వస్తారు. బ్రాంచి, ఫీజు, ప్లేస్‌మెంట్లు, కిందటేడు చివరి ర్యాంకు ఎంత అని గంటలు గంటలు మాట్లాడుకుంటాం. "నాతోని ఎవరు కూసుంటరు" అన్న మాటను మాత్రం ఇన్నేళ్లలో ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ రాత్రి తర్వాత మూడు దారులనూ ఆ ఒక్క ప్రశ్న ముందు పెట్టుకొని మళ్లీ చూశాను. నాకు తేలిందేమిటో చెప్తాను.

ముందు ఇంటి నుంచి పోయొచ్చే కాలేజీ. నలుగురిలో కలవని పిల్లకు ఇదే క్షేమమని మనందరి నమ్మకం. చదువుకు మన వరంగల్లో కొదువ లేదు. 1959లో పునాది పడ్డ ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ) ఇప్పుడు నిట్ అయింది, అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడాదిదే. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. బస్సు ఖర్చు కూడా ఆడపిల్లలకు లేకుండా పోయింది: 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే. పరకాల, నర్సంపేట, జనగామ నుంచి ఎంతమంది అమ్మాయిలు రోజూ హన్మకొండకు వచ్చి చదువుతున్నారో పొద్దున చౌరస్తాలో నిలబడితే తెలుస్తుంది. హాస్టల్ డబ్బులు మిగులుతాయి, ఇంటి అన్నం దొరుకుతుంది. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్నచోట ఇంతకు మించి ఆలోచించే వీలు ఉండదు, ఆ ఇంటికి ఇదే సరైన దారి.

కానీ పరకాల దిక్కు నుంచి వచ్చే నా పాత విద్యార్థిని ఒకామె బీటెక్ మొదటి ఏడాది అయ్యాక ఇంటికి వచ్చి చెప్పిన మాట నా మనసులోంచి పోలేదు. పొద్దున ఆరున్నరకు బస్సు ఎక్కేది. నాలుగింటికి కాలేజీ విడవగానే బస్టాండుకు ఉరికేది, ఆ బస్సు తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుందని. మిగతావాళ్లు నాలుగు తర్వాతే క్యాంటీన్‌కు పోయేవాళ్లు, రికార్డులు కలిసి రాసేవాళ్లు, ఫెస్ట్‌కు డాన్సు నేర్చుకునేవాళ్లు. "క్లాసుల అరవై మంది పేర్లు తెలుసు మేడం, ఒక్కరి ఇల్లు తెల్వది" అంది. ఊళ్లో చూస్తే పదో తరగతి దోస్తులు ఎక్కడెక్కడికో పోయారు. అటు ఊరూ ఇటు కాలేజీ రెండూ సగం సగమే అయ్యాయి. ఇంట్లో వాళ్లకు ఇదేమీ కనబడలేదు. బిడ్డ రోజూ వేళకు ఇంటికొచ్చి అన్నం తింటుంటే బాగానే ఉందనుకున్నారు.

ఇక హైదరాబాద్. నూట నలభై అయిదు కిలోమీటర్ల దూరం, ఉప్పల్ దాకా మూడు గంటల బస్సు. ఆదివారం సాయంత్రం హన్మకొండ బస్టాండులో చూడండి, చేతిలో తొక్కు డబ్బా, వీపున బ్యాగు, కిటికీ కిందే నిలబడి ఇంకా జాగ్రత్తలు చెప్తున్న తల్లి. నాలుగేళ్ల కింద నేనూ అట్లాగే నిలబడ్డాను మా పెద్దోణ్ణి పంపుతూ.

వాడి విషయంలో మేం రెండు తప్పులు చేశాం. మొదటిది, తొలి విడతలో వచ్చిన సీటును వదిలి, కాస్త పేరున్న కాలేజీ కోసం తర్వాతి విడత దాకా ఆగడం. తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాత సీటు దానంతట అదే రద్దవుతుంది, అది అందరికీ తెలిసిందే. మాకు తెలియనిది ఇంకొకటి ఉంది. సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ చెప్పిన ప్రకారం ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదట్లో ఇండక్షన్ ప్రోగ్రాం పెడతారు. పాఠాలు మొదలుకాకముందే పిల్లలు ఒకరికొకరు తెలిసేది అక్కడే. మావాడు చేరేసరికి అది అయిపోయింది. బెంచీలు, ల్యాబ్ బ్యాచ్‌లు, ఎవరు ఎవరితో టీ తాగుతారన్నది కూడా ఖాయమైపోయాయి. నలుగురిలో చొరవగా కలిసే పిల్లగాడైతే దాన్ని దాటేస్తాడు. మావాడు అట్లాంటోడు కాదు.

రెండో తప్పు హాస్టల్ విషయంలో. ఆలస్యంగా పోయాం కాబట్టి క్యాంపస్ హాస్టల్‌లో గది దొరకలేదు. కూకట్‌పల్లిలో ప్రైవేటు హాస్టల్ చూశాం. గదిలో నలుగురు, వాళ్లలో ఇద్దరు కోచింగ్ వాళ్లు, ఒకతను ఉద్యోగం వెతుక్కునేవాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, కానీ వాడి క్లాసు వాళ్లు ఒక్కరూ లేరు. రెండో వారంలో ఒక రాత్రి ఫోన్ చేస్తే అవతల కరకరమని చప్పుడు.

"ఏం తింటున్నవ్ రా?"

"సకినాలు."

"అన్నం తినలేదా?"

"మెస్సుల అందరు గుంపులు గుంపులు కూసుంటరే. ఒక్కణ్నే పోబుద్ధైతలేదు."

దసరా దాకా వస్తాయని రెండు కిలోలు కట్టిచ్చాను. అవి తొమ్మిది రోజుల్లో అయిపోయాయి. అన్నానికి బదులు తిన్నాడు మరి. మేం చేసిందేమిటంటే, ప్రతి శనివారం వాణ్ణి ఇంటికి పిలిపించుకున్నాం. ప్రేమతోనే పిలిచాం. కానీ హాస్టల్ పిల్లలు సినిమాకు పోయేది, బట్టలు ఉతుక్కుంటూ ముచ్చట్లు పెట్టుకునేది, క్రికెట్ ఆడేది శని, ఆదివారాల్లోనే. ఆ రెండు రోజులూ మేమే వాడికి లేకుండా చేశాం. రెండో సెమిస్టర్‌లో క్యాంపస్ హాస్టల్‌లో గది దొరికాక నెల తిరక్కుండానే మాట మారింది. "ఈ వారం వస్తలేనమ్మా, రికార్డున్నది" అన్న రోజు నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

అందుకే హైదరాబాద్ మంచిదా చెడ్డదా అని అడిగితే నేను ఏ హాస్టల్ అని తిరిగి అడుగుతాను. క్లాసు పిల్లలే గది పిల్లలైతే హైదరాబాద్ మంచిదే. లేకపోతే బస్సులో రోజూ తిరిగే పిల్ల ఒంటరితనమే గదిలోనూ ఉంటుంది, పైగా తల్లి ఉండదు.

ఏ దారిలో పోయినా ఎదురయ్యే చిక్కు ఒకటుంది, భాష. ఎంసెట్ తెలుగులో రాయొచ్చు, జేఈఈ మెయిన్ తెలుగులో రాయొచ్చు, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా. పరీక్ష గడప తెలుగులో దాటిన పిల్ల మర్నాడు కూర్చునే క్లాసు ఇంగ్లీషులో నడుస్తుంది. సర్కారు బడి నుంచి వచ్చిన తెలివిగల పిల్లలు మొదటి నెలలో నోరు విప్పకపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. పాఠం అర్థం కాక కాదు, మొదటి రోజు లేచి పేరు, ఊరు చెప్పమన్నప్పుడు గొంతు పూడుకుపోతుంది. ఆ నాలుగు వాక్యాలు ఇంట్లో పదిసార్లు చెప్పించండి. చిన్న పనే, కానీ ఆ మొదటి రెండు నిమిషాలు సాఫీగా పోతే పక్క బెంచీ పిల్ల బ్రేక్‌లో పలకరిస్తుంది. యాస గురించి మాత్రం పిల్లను సర్దుకొమ్మనకండి. "యాడికి", "గట్లనే" అన్నందుకు నవ్వినవాడితోనే మావాడు ఇప్పుడు గది పంచుకుంటున్నాడు, ఆ గుంటూరు పిల్లగాడు ఇప్పుడు "గట్లనే" అంటున్నాడట.

ఢిల్లీ సంగతి తొందరగా చెప్తాను. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు సీయూఈటీ వచ్చాక మన ఇంటర్ పిల్లలు ఢిల్లీ యూనివర్సిటీ పేరు ఎత్తుతున్నారు. పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దునకు ఢిల్లీ. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర కాలేజీ 1961 నుంచి ఉంది, తెలుగు పలకరింపు దొరకడానికి ఆసరా. దూరంలోనూ ఒక మేలుంది: క్లాసులో చాలామంది పరాయి ఊరివాళ్లే, అందరూ తోడు వెతుక్కునేవాళ్లే. నమ్మకపోతే నిట్ చేరికలప్పుడు కాజీపేట స్టేషన్‌కు పోయి చూడండి. రాజస్థాన్ నుంచో బీహార్ నుంచో పెట్టె పట్టుకొని దిగిన పిల్లలు ఆటోవాలాతో ఏ భాషలో మాట్లాడాలో తెలియక నిలబడతారు. ఏడాది తిరిగేసరికి వాళ్లే గుంపుగా భద్రకాళి చెరువు గట్టున కనబడతారు. మన ఊరే వాళ్లకు ఢిల్లీ. అయినా నా తీర్పు గట్టిదే: పిల్ల తనంతట తాను అడిగితేనే ఢిల్లీ. చుట్టాల్లో పేరు కోసం పంపొద్దు. బతుకమ్మకు ఇంటికి రాలేని మొదటి ఏడాదిని తట్టుకునేది ఎవరంటే, పోవాలని తనే కోరుకున్న పిల్ల.

బాసర ట్రిపుల్ ఐటీని ఈ పోలికలో కలపలేదు. 2008లో మొదలైన ఆ ఆరేళ్ల చదువుకు పదో తరగతి అయిన వెంటనే పోతారు. ఆ వయసు వేరు, ఆ బెంగ వేరు.

మూడింటినీ పక్కపక్కన పెట్టాక నాకు తేలింది ఇది. డబ్బు మొదటి లెక్క అయితే ఇంటి నుంచి పోయొచ్చే కాలేజీ, కానీ వారానికి రెండు సాయంత్రాలైనా బిడ్డ ఆరింటి దాకా కాలేజీలో ఉండేట్టు ఏర్పాటు చేయాలి, ఆలస్యమైతే నాన్న బండి తీసుకొని పోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా అది కాలేజీ ఫీజుకే, ప్రైవేటు హాస్టల్ బిల్లు ఇంటి మీదే పడుతుంది, అది ముందే చూసుకోవాలి. కాస్త పెట్టుకోగలిగితే క్యాంపస్ హాస్టలే నా ఓటు, అది హైదరాబాద్‌లో ఉన్నా సరే, ఇంటికి పది కిలోమీటర్లలో ఉన్నా సరే. పేరున్న కాలేజీలో మూడో విడతలో చేరడం కన్నా కాస్త తక్కువ పేరున్నదాంట్లో మొదటి రోజే చేరడం బెరుకున్న పిల్లకు మేలు. ప్లేస్‌మెంట్ లెక్కలు చూసేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. రెండు కిలోల సకినాలు అయిపోయిన తీరు చూశాక నేను మాత్రం వెనక్కి తగ్గను.

ఇంకో పోలిక కూడా ఉంది: ఆప్షన్లు తల్లిదండ్రులు పెట్టడమా, పిల్ల పెట్టడమా? కాగితాలు మనవి, వరుస పిల్లది. జనవరి 1 తర్వాత తీసిన ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, మీసేవ చుట్టూ తిరగడం, స్లాట్ బుక్ చేయడం, ఇవన్నీ మనం చేద్దాం. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల నంబరు కాకుండా ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫోన్ నంబరు ఇద్దాం. ఏది ఒకటో ఆప్షన్, ఏది పదో ఆప్షన్ అన్నది మాత్రం పోయి కూర్చునేవాళ్లే రాయాలి. సీటు ఇచ్చేటప్పుడు పైనుంచి కిందికి చూస్తారు కాబట్టి నచ్చినదాన్ని రాదేమోనని కిందికి తోస్తే పిల్లకే నష్టం.

చేరాక మొదటి నెల బెంగ సహజం. అన్నం మానేయడం, నిద్ర పట్టకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం ఆదివారం కోసం ఆగకుండా బస్సెక్కండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ర్యాగింగ్ అని అనుమానం వచ్చినా యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. ర్యాగింగ్ మీద 1997 నుంచే మనకు చట్టం ఉంది, సర్దుకొమ్మని పిల్లకు చెప్పే పని లేదు.

మర్నాడు పొద్దున ఓటీపీ వచ్చిన ఫోన్‌ను మా ఆయన బిడ్డ చేతికే ఇచ్చాడు. నోట్‌బుక్ చివరి పేజీ అప్పుడు చూశాం. పదకొండు కాలేజీలు, ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో "హాస్టల్ లోపలనే" లేదా "బయట" అని రాసి ఉంది. మేం గంటలు కొట్లాడిన సంగతిని ఆమె ఎప్పుడో తేల్చుకుంది. మొదటి విడతలోనే రెండో ఆప్షన్ వచ్చింది. అది హన్మకొండ కాలేజే, మా ఇంటికి ఏడు కిలోమీటర్లు. అయినా హాస్టల్‌లోనే ఉంటానంది. ఊళ్లో ఇల్లు పెట్టుకొని హాస్టల్ ఫీజు ఎందుకని మా అత్తమ్మ రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

మొదటి ఆదివారం ఆమె ఇంటికి రాలేదు. మా ఆయన ఉండబట్టలేక కోడికూర, జొన్న రొట్టెలు డబ్బాలో పెట్టుకొని గేటు దగ్గరికి పోయాడు. పది నిమిషాలకు ఇద్దరు అమ్మాయిలతో కలిసి కిందికి దిగిందట. సాయంత్రం ఫోన్ చేసి, "ఈసారి పెద్ద డబ్బా తెమ్మని చెప్పు అమ్మా, ముగ్గురికి సరిపోలే" అంది.