ఓయూ పాలక మండలి, కాలిఫోర్నియా రీజెంట్స్: ముందుచూపులో ఏది మేలు?

ఒక విశ్వవిద్యాలయాన్ని నడిపే మండలి పనితనం తెలుసుకోవాలంటే నేను ముందు పింఛన్ల పద్దు చూస్తాను. ఇవాళ ఉద్యోగంలో చేరినవారికి ముప్పై ఏళ్ల తర్వాత ఇవ్వాల్సిన డబ్బు గురించి ఇవాళ్టి సభ్యులు ఏమాలోచించారో అక్కడే బయటపడుతుంది. ఆ కొలతతోనే ఉస్మానియాను, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. ఒకటి 1918లో, మరొకటి 1868లో పుట్టాయి.

ఉస్మానియా పాలక మండలి 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద ఏర్పడుతుంది. సభ్యులను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు హోదా రీత్యా అందులో ఉంటారు. డబ్బులో పెద్ద వాటా ప్రభుత్వం ఏటా మొత్తంగా ఇచ్చే నిధి, అంటే బ్లాక్ గ్రాంటే. అది విడతలవారీగా వస్తుంది, అందులో ఎక్కువ భాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది. పాత పింఛను విధానంలో ఉన్నవాళ్లకు ఏ ఏటి పింఛను ఆ ఏటి గ్రాంటులోంచే కట్టాలి. అధ్యాపకులు రిటైరయ్యే కొద్దీ ఆ భారం పెరుగుతుంది, వాళ్లు ఖాళీ చేసిన కుర్చీలు మాత్రం నిండవు. పింఛన్లు పోగా మిగిలినదానితో ల్యాబులూ హాస్టళ్లూ నెట్టుకురావాల్సిన మండలిని పదేళ్ల ప్రణాళిక ఏదని ఎలా నిలదీస్తాం?

పైగా వీసీ పదవీకాలం మూడేళ్లే. 2024 మేలో తెలంగాణలోని వీసీల గడువు ముగిస్తే, అక్టోబరులో కొత్తవారు వచ్చేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులుగా నడిపారు. వాళ్ల సమర్థతను నేను శంకించడం లేదు. కానీ కొద్ది నెలలకు వచ్చిన ఇన్‌చార్జి దీర్ఘకాలిక నిర్ణయం మీద సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా. పోనీ నియామకాలైనా మండలి చేతిలో ఉన్నాయా అంటే అదీ ఏళ్ల తరబడి తేలలేదు. అన్ని వర్సిటీలకూ కలిపి ఒకే నియామక బోర్డు పెడతామంటూ 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లుకు గవర్నర్ ఆమోదం దొరకలేదు.

ఇక కాలిఫోర్నియా. పది క్యాంపస్‌లకూ కలిపి ఒకే పాలక మండలి, దాని పేరు రీజెంట్స్ బోర్డు, 26 మంది సభ్యులు. వాళ్లలో 18 మందిని అక్కడ ప్రజలు ఎన్నుకునే గవర్నర్ పన్నెండేళ్ల కాలానికి నియమిస్తాడు. అక్కడ ఒక గవర్నర్ ఎనిమిదేళ్లకు మించి ఉండలేడు కాబట్టి, తనను నియమించినవాడు దిగిపోయాక కూడా రీజెంట్ కుర్చీలోనే ఉంటాడు. గవర్నర్ కూడా బోర్డు సభ్యుడే, రాజకీయం అక్కడ లేదని కాదు. కానీ 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగమే విశ్వవిద్యాలయానికి స్వతంత్ర ప్రతిపత్తి ఇచ్చింది. 1975 నుంచి ఓటు హక్కున్న విద్యార్థి సభ్యుడు కూడా ఉన్నాడు.

మరి పింఛన్ల సంగతో? వాళ్లకు సొంత నిధి ఉంది, దాన్ని పెట్టుబడుల్లో పెంచుతారు. ఇంత ఏర్పాటున్న బోర్డు కూడా పెద్ద తప్పే చేసింది. నిధి అవసరానికి మించి నిండిందని 1990లో విశ్వవిద్యాలయమూ ఉద్యోగులూ చందాలు కట్టడం ఆపేశారు. ఆ విరామం దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. 2008 మాంద్యం వచ్చి మార్కెట్లు కూలాక గాని కళ్లు తెరవలేదు. 2010లో చందాలు మళ్లీ మొదలయ్యేసరికి వందల కోట్ల డాలర్ల లోటు తేలింది. పన్నెండేళ్ల పదవీకాలం ముందుచూపును దానంతటదే తెచ్చిపెట్టదు. అయినా అక్కడ లోటు ఎంతో తెలుసు. ఏటా లెక్క కట్టిన నివేదిక బోర్డు ముందుకొస్తుంది, ఎవరైనా చదవవచ్చు. ఆ బహిరంగతే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. సమావేశపు అజెండా పది రోజుల ముందే అందరికీ అందుతుంది, విద్యార్థులూ ఉద్యోగులూ వచ్చి మైకులో మాట్లాడతారు. మన పాలక మండలి మూసిన తలుపుల వెనక కూర్చుంటుంది.

ఫీజుల దగ్గరికొస్తే మాత్రం మనదే మేలు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. రాష్ట్రం నిధులు కోసేసరికి 2009 నవంబరులో రీజెంట్స్ ఫీజు 32 శాతం పెంచారు, క్యాంపస్‌లు నిరసనలతో అట్టుడికిపోయాయి. 2021లో తెచ్చిన పద్ధతి ప్రకారం ఏ బ్యాచ్ చేరినప్పటి ఫీజు ఆ బ్యాచ్‌కు ఆరేళ్ల వరకూ మారదు, కానీ తర్వాతి బ్యాచ్ ఎక్కువ కట్టుకోవాల్సి రావచ్చు. వేరే రాష్ట్రాలనుంచీ దేశాలనుంచీ వచ్చేవాళ్లు దానిమీద అదనపు ఫీజు కూడా కట్టాలి. మన పిల్లలను అక్కడికి పంపిన ఇళ్లకు ఆ బరువేమిటో తెలుసు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో కూలి పనులు చేసుకునే ఇంటి బిడ్డ ఎమ్మే చదవగలగడాన్ని ఏ ముందుచూపు కోసమూ వదులుకోకూడదు.

కాబట్టి ఫీజుల బాధ్యత ప్రభుత్వం మోసే మన పద్ధతి ఉండాలి, ప్రణాళికకు రీజెంట్స్ పద్ధతి రావాలి. ఎక్కువ కాలం ఉండే సభ్యులు కావాలన్నా, విద్యార్థికి ఓటు ఇవ్వాలన్నా చట్టం మార్చాలి, అది శాసనసభ పని. అజెండానూ బడ్జెట్ ముసాయిదానూ సమావేశానికి పది రోజుల ముందు వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఏ చట్టమూ మార్చనక్కర్లేదు. వచ్చే ఇరవై ఏళ్లలో ఏ ఏడాది ఎంత పింఛను కట్టాలో నిపుణులతో ఒక్కసారి లెక్క వేయించి ఆ పట్టికను దానికి జతచేస్తే, ఆర్థిక శాఖ కార్యదర్శి కూర్చున్న గదిలోనే ఆ అంకె మీద చర్చ మొదలవుతుంది.